తెలుగు బాలుర విద్యామాపనము: కొలమానముల విమర్శనము

బాలుర చదువును బుద్ధిని అంకెలలో నిరూపించు శాస్త్రము పుట్టి నూఱేండ్లు దాటినది. ఏ జిల్లాలో నెందఱు బాలురు చదువనేర్చిరో, ఎందఱు తీసివేతలు చేయగలరో, ఏ వయసు బిడ్డకు ఎన్ని మాటలు తెలియునో తెలుపు పట్టికలు నేడు తెలుగునాట వ్యవహారమున నున్నవి. వానిని బట్టి ప్రభుత్వములు ధనము వెచ్చించును. ఉపాధ్యాయుడు ప్రశంసకో నిందకో పాత్రుడగును. బాలుడు చుఱుకైనవాడనియో మందుడనియో పేరు మోయును. ఇంతటి భారము నెత్తుకొన్న యంకెలకు తగిన సత్తువ కలదా యను ప్రశ్న భాషాపండితులకును సంబంధించినదే. ఏలయన తెలుగు బాలుని చదువును గుఱించిన కొలత తుదకు తెలుగు మాటల మీదను తెలుగు అక్షరముల మీదను నిలువవలసియున్నది.

ఈ ప్రశ్నను సామాన్యముగా గాక, ఒక సీమకు అన్వయించి చూచుట మేలు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు ప్రాంతములు మొన్నటివఱకు అనంతపురము జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి ముఖ్యస్థానముగా నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. హిందూపురము కన్నడసీమ యంచున నున్న వాణిజ్యస్థానము. పెనుకొండ 1565వ సంవత్సరపు యుద్ధము పిమ్మట విజయనగర రాజులకు రాజధానియైన దుర్గము. దాని చుట్టును మెట్టసేద్యపు పల్లెలు. ధర్మవరము పట్టునేతకు పేరొందిన పట్టణము. ఒకే జిల్లాలోని యీ మూడుచోట్ల పెరుగు బాలురు వినుమాటలు వేఱు, చూచు వస్తువులు వేఱు. వీరిని ఒకే కోలతో కొలిచినచో ఆ కొలత యేమి చెప్పును, ఏమి చెప్పజాలదు అనునది యీ వ్యాసమున విచార్యము. పూర్వపు అనంతపురము జిల్లాలో ప్రయోగింపబడిన రెండు కొలమానములు ఇందు ముఖ్యముగా విమర్శింపబడును: ఒకటి చిత్రపదజాల పరీక్ష, రెండవది పఠనసోపాన పరీక్ష.

కొలమానమునకు రెండు గుణములు ముఖ్యములని శిక్షణశాస్త్రజ్ఞులు చెప్పుదురు: విశ్వసనీయత, సప్రమాణత. ఒకే వస్తువును మఱల మఱల కొలిచినప్పుడు ఒకే ఫలితము వచ్చుట విశ్వసనీయత. కొలువదలచిన దానినే కొలుచుట సప్రమాణత. హిందూపురపు పట్టుగూళ్ల విపణి యీ భేదమునకు మంచి యుదాహరణము. దోషము లేని త్రాసుతో ఒక గంప గూళ్లను పదిసార్లు తూచినను ఒకే బరువు వచ్చును. కాని కొనువానికి కావలసినది గూటినుండి తీయదగిన దారము. తడిసిన గూటికి బరువు హెచ్చు. దానివలన దారము హెచ్చదు. త్రాసు బరువు విషయమున నమ్మదగినదే. దారము విషయమున దాని సాక్ష్యము చాలదు. అందుచేతనే యనుభవశాలియగు వర్తకుడు గూటిని చేతబట్టి చూచి కాని వెల కట్టడు. పరీక్షల విషయమున నీ రెండవ పని తఱచుగా విడువబడుచున్నది. విశ్వసనీయతా గుణకము 0.9 వచ్చినదని చెప్పి పరీక్ష సర్వవిధముల మేలైనదని తీర్మానించుట, త్రాసు మంచిదగుటచే గూడును మంచిదే యనుట వంటిది.

ఈ శాస్త్రమున తొలి పెద్దలు సప్రమాణతను ఉపేక్షింపలేదు. 1905లో పారిసు నగరమున ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ అనువారు, పాఠశాలలో ప్రత్యేక సహాయము కావలసిన బాలురను గుర్తించుటకై ప్రశ్నమాల నొకదానిని కూర్చిరి. 1916లో టెర్మన్ దానిని అమెరికా బాలురపై మఱల ప్రయోగించి, ప్రశ్నల వయఃక్రమమును సవరించి ప్రకటించెను. భారతదేశమున హెర్బర్ట్ రైస్ 1929లో హిందుస్తానీ రూపమును, వి. వి. కామత్ 1940లో మరాఠీ కన్నడ రూపములను వెలువరించిరి. కామత్ బొంబాయి కర్ణాటక ప్రాంతపు బాలురపై ప్రయోగించి కాని తన ప్రశ్నలకు స్థానము నిర్ణయింపలేదు. ఒక భాషలో ఆఱేండ్ల బిడ్డకు దగిన ప్రశ్న వేఱొక భాషలో ఎనిమిదేండ్ల బిడ్డకు దగినది కావచ్చును. కావున పరీక్షను భాషాంతరీకరించుట పనిలో సగమే. అమరిక నంతయు ఆ భాషవారి బిడ్డలపై పరీక్షించి మఱల కట్టుట తక్కిన సగము. ఈ సూత్రమే యిచ్చటి విమర్శకు ఒరగల్లు.

ఇక మొదటి కొలమానము. యంగ్ లైవ్స్ అను అంతర్జాతీయ పరిశోధన 2002లో ప్రారంభమై, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఇంచుమించు 3000 మంది బాలబాలికల జీవితములను ఏండ్ల తరబడి పరిశీలించినది. వారిలో రెండుపాళ్లు 2001–02లో పుట్టినవారు. ఒకపాలు 1994–95లో పుట్టినవారు. పరిశీలనకు ఎన్నుకొన్న జిల్లాలలో అనంతపురము ఒకటి. 2006–07లో జరిగిన రెండవ విడతలో పీబాడీ చిత్రపదజాల పరీక్ష తెలుగులో ప్రయోగింపబడినది. ఇది డన్ దంపతులు అమెరికాలో ఆంగ్లమునకు కల్పించినది. దీని మూడవ కూర్పు 1997 నాటిది. పుటకు నాలుగు బొమ్మలుండును. పరీక్షకుడు ఒక మాట పలుకును. బిడ్డ ఆ మాటకు దగిన బొమ్మను వ్రేలితో చూపవలెను. చదువురాని బిడ్డ కూడ పాల్గొనవచ్చును. భయపడి నోరు మెదపని బిడ్డకు సయితము ఇది యనుకూలము. ఈ గుణమును ఒప్పుకొనవలసినదే.

దోషము అమరికలో నున్నది. ఈ కూర్పున 204 మాటలు, పండ్రెండేసి చొప్పున 17 జట్టులుగా, సులభమైన వానినుండి కఠినమైన వాని వైపు అమర్పబడినవి. ఒక జట్టులో ఎనిమిదియు అంతకు మించియు తప్పులు వచ్చినచో పరీక్ష అచ్చట ఆగిపోవును. అటుపైనున్న మాటలు బిడ్డకు తెలియవని భావింపబడును. క్రమము నిజముగా సులభకఠిన క్రమమైనప్పుడు ఈ నియమము న్యాయము. కాని యాంగ్లమున కఠినమగు మాట తెలుగున కఠినము కానక్కఱలేదు. ఆంగ్లేయుడు లాటిను ధాతువు నుండి తెచ్చుకొన్న వృత్తినామము అచ్చటి బిడ్డకు దుర్బోధము. దానికి సరియగు తెలుగు మాట కుమ్మరి, సాలె వంటి యింటిమాటగా నుండవచ్చును. ఇందుకు విపర్యయముగా, మంచుదేశపు బిడ్డ మూడవయేట నేర్చు వస్తువు పేరు పెనుకొండ పల్లెలోని బిడ్డ చెవిని పదవయేట గాని పడకపోవచ్చును. మాటలు తెలుగైనను క్రమము ఆంగ్లముననే నిలిచినప్పుడు, నడుమ కొన్ని పరాయి వస్తువులు గుంపుగా వచ్చుటచే బిడ్డ అచ్చట ఆగిపోవును. ముందున్న తెలిసిన మాటలు అతడు చూడనే చూడడు. అట్లు వచ్చిన తక్కువ మార్కునకు బిడ్డ యజ్ఞానముతో బాటు క్రమభంగమును కారణము కావచ్చును.

ధర్మవరపు నేతగాని బిడ్డకు మగ్గము, పడుగు, పేక, నాడె, కండె అను మాటలు బడికి పోకమునుపే తెలియును. సేద్యగాని బిడ్డకు వేరుసెనగ చేనిలోని పనిముట్లు తెలియును. ఈ సంపద యంతయు పరదేశపు బొమ్మలపుస్తకమున లెక్కకు రాదు. లెక్కకు రానిది లేనిదే యని పట్టిక చదువువాడు తలచుట సహజము. ఇచ్చట పరిశోధకుల పక్షమున ఒక మాట చెప్పవలెను. యంగ్ లైవ్స్ వారు 2009లో ప్రకటించిన సాంకేతిక వివరణమున ప్రశ్నాంశములను విడివిడిగా పరీక్షించి, సరిగా పనిచేయని వానిని తొలగించి, భాషాభేదము గల వర్గముల మార్కులను ఒకదానితో నొకటి పోల్చరాదని హెచ్చరించిరి. కొలమానకర్తలు చేసిన యీ హెచ్చరికను పట్టిక నుపయోగించువారు తఱచుగా వదలివేయుదురు. వివరణము వెనుకబడిపోవును, అంకె మాత్రము ముందునకు నడచును.

హిందూపురము, మడకశిర ప్రాంతములలో ఈ చిక్కు ఇంకను సూక్ష్మమగును. అచ్చట కన్నడము మాటలాడు కుటుంబములు పెక్కు కలవు. రెండు భాషలకును సమానములుగా వినబడు మాటలు వేర్వేఱు అర్థముల నిచ్చుచుండును. ఊట యన తెలుగువానికి నీటిబుగ్గ, కన్నడిగునకు భోజనము. కాడు తెలుగున శ్మశానము, కన్నడమున అడవి. అవ్వ తెలుగున ముసలితల్లి; కన్నడపు పల్లెలలో కన్నతల్లి. ఇంట కన్నడము, బడిలో తెలుగు వాడు బిడ్డ యిట్టి మాటలకు తప్పు బొమ్మను చూపినచో, ఆ తప్పు బుద్ధిది యనుటకు వీలులేదు. దీనిని పట్టుకొనుటకు శాస్త్రమున ఒక ఉపాయము కలదు. మొత్తము సామర్థ్యము సమానముగా నున్న తెలుగింటి బిడ్డలను కన్నడింటి బిడ్డలను ఎదురెదురుగా నుంచి, ఒక్కొక్క ప్రశ్నకు ఇరువురు సరియుత్తరము చెప్పు అవకాశము సమానమా యని చూతురు. సమానము కానిచో దోషము ప్రశ్నది. 1960లో డెన్మార్కు దేశీయుడు గేయోర్గ్ రాష్ ప్రకటించిన పద్ధతి, ప్రశ్నల కాఠిన్యమును బిడ్డల శక్తిని ఒకే కోలపై నిలిపి చూచుటకు వీలు కల్పించెను. గణితము సిద్ధముగానే యున్నది. ఏ మాట యెవరి యింటిమాటయో చెప్పగల భాషాజ్ఞానము దానికి తోడు కావలెను.

రెండవ కొలమానము ప్రథమ్ సంస్థ ఆధ్వర్యమున 2005 నుండి వెలువడుచున్న అసర్ అను విద్యాస్థితి నివేదికలోనిది. ఇందు పరీక్షకుడు పల్లెలో ఇంటింటికి పోయి, బిడ్డను ఒంటరిగా కూర్చుండబెట్టి చదివించును. మెట్లు నాలుగు: అక్షరములు, మాటలు, ఒకటవ తరగతి స్థాయి వాక్యసముదాయము, రెండవ తరగతి స్థాయి కథ. అయిదింట నాలుగు అక్షరములు గుర్తించినచో అక్షరపు మెట్టు, అయిదింట నాలుగు మాటలు చదివినచో మాటల మెట్టు లభించును. బడికి రాని బిడ్డయు ఇందు లెక్కకు వచ్చును. బడిలో కూర్చుండి వ్రాయు పరీక్షలకు లేని యోగ్యత ఇది. సామాన్యుడైన తండ్రికి సయితము ఫలితము తెలియజెప్పవచ్చును.

అయినను అక్షరము నుండి మాటకు గల దూరము తెలుగున ఒక మెట్టు కాదు. ఇరువదియాఱు అక్షరములు గల లిపిలో అక్షరములన్నియు వచ్చినవాడు మాటను కూడబలుకుటకు సిద్ధుడగును. తెలుగు వర్ణమాల సంప్రదాయముగా 56 అక్షరములది. అందలి హల్లులు 30కి మించినవి. వానికి ఒక్కొక్కదానికి పండ్రెండేసి గుణింతరూపములు మాత్రమే చెప్పుకొన్నను 350కి పైబడిన రూపములు తేలును. ఆపైన వత్తులు. అచ్చులను తలకట్టు హల్లులను చక్కగా చదివిన బిడ్డ కొమ్ములు, ఏత్వములు కలిసినచోట తడబడును. గుణింతము దాటినవాడు స్త్రీ, రాష్ట్రము వంటి సంయుక్తములకడ నిలిచిపోవును. ఈ ఇరువురు బాలురకును కావలసిన బోధ వేఱు. నాలుగుమెట్ల కొలమానమున వీరు ఇరువురును అక్షరములు వచ్చినవారు, మాటలు రానివారు అను ఒకే గడిలో పడవచ్చును. మాటల మెట్టున ఎన్నుకొన్న పదములు గుణింతపు మాటలా, వత్తుమాటలా యనుదానిని బట్టి ఆ గడి నిండుటయో వెలితి యగుటయో జరుగును. పల్లెటూరి బడిపంతులు గుణింతము వచ్చెనా, వత్తులు వచ్చెనా యని వేర్వేఱుగా అడుగు అలవాటు ఈ విషయమున శాస్త్రీయమైనదే.

మెట్లకు అంకెలు వేయుటలో మఱియొక ప్రమాదము కలదు. 1946లో స్టీవెన్స్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు కొలమానములను నాలుగు జాతులుగా విభజించెను: పేరు మాత్రము చెప్పునవి, క్రమము చెప్పునవి, సమాన దూరములు చెప్పునవి, శూన్యము నుండి నిష్పత్తి చెప్పునవి. పఠనసోపానము రెండవ జాతిది. కథ చదువువాడు మాటలు చదువువాని కంటె పైవాడని అది చెప్పును. ఎంత పైవాడో చెప్పదు. ఐనను మెట్లకు 0, 1, 2, 3, 4 అని మార్కులు వేసి సగటు తీయువారు కలరు. పెనుకొండ ప్రాంతపు సగటు 2.4, ధర్మవరపు ప్రాంతపు సగటు 2.1 అని యెవరైన వ్రాసినచో, ఆ భేదమునకు మెట్లనడుమ దూరములు సమానములను నిరూపింపని యూహయే ఆధారమగును. ఏ మెట్టున నెందఱు అని చెప్పుట చాలును. అంతకు మించినది కొలత యొసగని మాట.

ఇక ఎవరిని కొలిచిరను ప్రశ్న. అసర్ పద్ధతిలో జిల్లాకు 30 గ్రామములు, గ్రామమునకు 20 ఇండ్లు, వెరసి 600 ఇండ్లు. పూర్వపు అనంతపురము జిల్లాలో 63 మండలములు. 30 గ్రామములు 30 వేఱు మండలములలో పడినవనుకొన్నను, తక్కిన 33 మండలములలో ఆ యేడు ఒక్క గ్రామమైనను చూడబడలేదు. సర్వే గ్రామీణ ప్రాంతమునకు మాత్రమే పరిమితము గావున, హిందూపురము ధర్మవరము పురపాలక పట్టణములలోని బిడ్డలు దానిలో లేరు. జిల్లా యంకెను చేతబట్టి ధర్మవరపు మగ్గాలవీథిని గుఱించి మాటలాడుట నిరాధారము. జిల్లా మొత్తమునకు సయితము అంకె చుట్టును కొంత అనిశ్చితి యుండును. 400 మంది బాలురు చూడబడిరనియు, వారిలో సగము మంది చదువగలిగిరనియు అనుకొందము. ఒక్కొక్కరిని విడిగా చీటి తీసి యెన్నుకొన్నచో, 50కి ఇటు అటు 5 వఱకు తేడా యుండవచ్చును. కాని యొకే ఊరి బిడ్డలు ఒకే బడిలో చదివి ఒకరి నొకరు పోలియుందురు. ఆ పోలిక 0.1 మాత్రమే యైనను అనిశ్చితి 7 దాటును. రెండేండ్ల యంకెలను పోల్చునప్పుడు అది యింకను పెరిగి 10 వఱకు పోవును. ఇట్టిచో 50 నుండి 56కు పెరిగినదని ఉత్సవము చేయుటయు, 44కు తగ్గినదని ఉపాధ్యాయులను దండించుటయు సమానముగా తొందరపాటు పనులే. 2022లో జిల్లా రెండుగా చీలుట వలన కాలక్రమపు పోలికకు మఱియొక యడ్డు కలిగినది. పాత అనంతపురపు అంకె ప్రక్కన కొత్త జిల్లా యంకె నుంచువాడు ఆ గ్రామములనే మఱల వేఱుచేసి లెక్కింపవలెను.

ప్రామాణిక విచలనమును గుఱించియు ఒక మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఐదు జిల్లాల గ్రామీణ పాఠశాలలలో, ఉపాధ్యాయులకు బాలుర ఫలితములను బట్టి పారితోషికమిచ్చు ప్రయోగమును కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నడపి 2011లో ప్రకటించిరి. రెండేండ్లలో గణితమున 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనముల మేలు కనబడెను. నూర్గురిలో నడుమ నిలిచిన బిడ్డ గణితమున ఇంచుమించు 61వ స్థానమునకు, భాషలో 57వ స్థానమునకు ఎక్కినట్లు దీని తాత్పర్యము. పద్ధతి యుత్తమమైనది, బడులను చీటి వేసి విభజించుట వలన కారణకార్యములు స్పష్టమైనవి. కాని విచలనమనునది ఆ పరీక్షలో ఆ గుంపు మార్కులు ఎంత చెదరియున్నవో చెప్పు కోల. గుంపు మాఱిన కోల మాఱును. మార్కులు దగ్గఱదగ్గఱగా నున్నచోట చిన్న మేలు పెద్దదిగా, చెదరియున్నచోట పెద్ద మేలు చిన్నదిగా కనబడును. ఒక పరిశోధనలోని 0.17ను వేఱొక పరిశోధనలోని 0.17తో సరితూచుట, ఒక ఊరి మూరతో కొలిచిన బట్టను వేఱొక ఊరి మూరతో కొలిచిన బట్టకు సమమనుట వంటిది.

కొలుచువాడెవడను ప్రశ్నయు మిగిలియున్నది. అభిజీత్ సింగ్ ఆంధ్రప్రదేశమున నడపి 2020లో వెలువరించిన పరిశోధనలో, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో కాగితముపై జరిగిన పరీక్షలు బాలుర శక్తిని మిక్కిలిగా హెచ్చించి చూపెనని తేలినది. పలకవంటి యంత్రముపై జరిగిన పరీక్షలు స్వతంత్ర పరీక్షల ఫలితములకు దగ్గఱగా వచ్చెను. దీనివలన ఉపాధ్యాయజాతి యంతయు అసత్యపరులని తలపరాదు. ఒకే యంకెపై బిడ్డ మేలును, తన పరువును, పైయధికారి కోపమును వ్రేలాడదీసినప్పుడు త్రాసు పట్టిన చేయి వణకుట మానవసహజము. ఆ యంకెను నిందకు గాక బోధకు వాడు వ్యవస్థలో ఆ వణకు తగ్గును.

ఈ దోషములన్నియు చూచి, కొలతలే వలదని వాదించు పండితులు కొందఱుందురు. వారి వాదము నిలువదు. ఉపాధ్యాయుడు బిడ్డను చూచి వీడు మందుడనుట కూడ కొలతయే. దానికి విశ్వసనీయత లెక్కింపబడలేదు, సప్రమాణత విచారింపబడలేదు. అందు కులము, వేషము, పలుకుబడి తెలియకుండనే తూనికలో చేరిపోవును. వ్రాసిపెట్టిన కొలతకు తప్పు పట్టవచ్చును. మనసులోని కొలతకు అదియు వీలులేదు. కావున కొలతను త్రోసివేయుట కంటె సరిదిద్దుట మేలు.

సరిదిద్దుటలో భాషాపరిశోధకులకు మూడు పనులు కలవు. మొదటిది, బాలుర వాడుకపదముల పట్టిక. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము వంటి చోట్ల అయిదు, ఏడు, తొమ్మిది యేండ్ల బిడ్డల మాటలను విని, ఏ మాట యేయేట ఎందఱికి తెలియునో లెక్కించినచో, పదజాల పరీక్షకు తెలుగుక్రమము లభించును. రెండవది, లిపికి దగిన పఠనసోపానము: అక్షరము, గుణింతము, ద్విత్వము, సంయుక్తము, వాక్యము, కథ అను మెట్లను బిడ్డలపై ప్రయోగించి నిర్ణయించుట. మూడవది, సరిహద్దు సీమలలో రెండు భాషల బిడ్డలకు అన్యాయము చేయు మాటలను ముందుగానే గుర్తించి తొలగించుట. ఈ మూడింటికిని కావలసిన సామగ్రి బడిలోనే యున్నది. సేకరింపవలసినవారు బడిపండితులు, క్రమబద్ధము చేయవలసినవారు పరిశోధకులు.

అంతవఱకు పట్టికలు చదువువారు ప్రతి యంకెకును మూడు ప్రశ్నలు వేయుట యలవఱచుకొనవలెను: ఏ భాషాక్రమముతో కొలిచిరి? ఎందఱిని, ఎచ్చట కొలిచిరి? తప్పునకు ఎంత చోటు విడిచిరి? ఈ మూడింటికి జవాబు లేని యంకెను బట్టి ఒక బిడ్డకు మందుడను పేరు పెట్టుటకు ఎవరికిని అధికారము లేదు.